పదో నాణెం

మా మావయ్య అంగడిలో పాత వెండి నాణేనికి అయిదే మాటలు. కొత్తది, కొత్తలాంటిది, మంచిది, నలిగినది, అరిగినది. పెద్ద అంగళ్ళలో అంకెలూ అక్షరాలూ కలిపి ఏవేవో రాస్తారట. మావయ్యకు అవి గిట్టవు. "అయిదు మాటల్లో ఇమడకపోతే అది నాణెం కాదు, మనిషి" అంటాడు. నాణేన్ని చూసి, అయిదింటిలో ఒక మాట చిన్న చీటీ మీద రాసి, కింద సంతకం పెట్టి, రెండింటినీ ఒకే కవరులో పెడతాడు. ఆ సంతకం చూశాక కొనేవాళ్ళు మళ్ళీ భూతద్దం తీయరు.

కొత్తది అంటే నిన్న మొన్న చేసిందని కాదు. వందేళ్ళ నాటిదైనా సరే, టంకశాల నుంచి వచ్చాక బజారులో చేతులు మారకుండా ఉంటే అది కొత్తదే. నేను ఆయన మేనకోడల్ని. పదకొండేళ్ళుగా ఆ అంగడిలో పనిచేస్తున్నాను. కవర్లు అంటించడంతో మొదలుపెట్టి, తాతలనాటి నాణేన్ని పళ్ళపొడితో తోమి తళతళలాడించి తెచ్చే మహానుభావులకు నచ్చజెప్పే దాకా ఎదిగాను. వాళ్ళకి చెప్పీ చెప్పీ నా గొంతు ఎప్పుడో 'అరిగినది' అయిపోయింది. ఈ పిచ్చి ముదిరి మనుషులకు కూడా మనసులో చీటీలు రాసుకుంటూ ఉంటాను. మా ఆయన 'మంచిది'. పెళ్ళి ఫొటోలో మాత్రం 'కొత్తలాంటిది'. ఆ మాట ఒకసారి పైకే అనేశాను, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అంగడిలో కిటికీ పక్కన చేతులు లేని కుర్చీ ఒకటుంది. ఎండ నేరుగా పడని కిటికీ అది. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళే చీటీ మీద సంతకం పెట్టాలి. పద్ధతి మావయ్యే నేర్పాడు. ముందు కంటితో చూడాలి, తర్వాతే భూతద్దంతో. నాణేన్ని అంచుల దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని, కిటికీ వెలుతురులో మెల్లగా వంచాలి. చేతులు మారని నాణెం మీద వెలుగు సైకిలు చక్రం తిరిగినట్టు గిర్రున తిరుగుతుంది. చేతులు మారినదాని మీద ఆ వెలుగు ఎక్కడో ఒకచోట తెగుతుంది. అదీ ముందు ఎత్తైన చోటే, బుగ్గ మీదో చెవి పైన జుట్టు మీదో. ప్యాంటు మోకాలి దగ్గరే ముందు చిరుగుతుంది కదా, అలాగే.

చిక్కల్లా ఏమిటంటే, ఆ వెలుగు మావయ్యకే కనిపించడం మానేసింది. రెండు కళ్ళకీ శుక్లాలు. డాక్టరు ఆపరేషనుకు తేదీ ఇచ్చాడు, మావయ్య వాయిదా వేశాడు. మళ్ళీ ఇచ్చాడు, మళ్ళీ వేశాడు. మూడోసారి డాక్టరు కాస్త గట్టిగానే చెప్పాడు, ఇంకా ముదరబెడితే తర్వాత తన చేతిలో ఏమీ ఉండదని. మావయ్యది ఒకటే పాట, "కుర్చీ ఖాళీగా పెట్టి నేను కదలను."

"నిన్న కిటికీ తెరని నేననుకుని పావుగంట మాట్లాడారే" అంది అత్తయ్య నాతో. "తెర ఎదురు చెప్పకపోయేసరికి అనుమానం వచ్చి ఆపారు."

నవ్వాను. కుర్చీలో నేను కూర్చుంటానని ఎన్నిసార్లు చెప్పినా మావయ్య వినలేదు. వాళ్ళ నాన్న పెట్టిన నియమం ఒకటుంది. కుర్చీ కావాలంటే పది నాణేలు చూడాలి. చీటీలు తీసేసిన పది నాణేలు. మనం రాసింది పాత చీటీతో కలవాలి. ఒక తప్పు క్షమిస్తారు. రెండు తప్పులైతే మళ్ళీ వచ్చే ఏడే.

"నీ పరీక్ష పోతే నా ఆపరేషనూ పోయినట్టే" అన్నాడు మావయ్య పెద్ద హాస్యమాడినట్టు. మేమిద్దరం నవ్వలేదు. గురువారానికి ఆసుపత్రి తేదీ ఉంది. పరీక్ష సోమవారం.

ఇక్కడ మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ ఒకటి చెప్పాలి. నలభై ఒక్క ఏళ్ళ కిందట అత్తయ్య ఈ అంగడి బల్ల దగ్గరికి ఒక వెండి నాణెం పట్టుకొచ్చింది. వాళ్ళ నాన్న టంకశాలలో అచ్చు మిషను దగ్గర పనిచేసేవారు. ఆయన ఉద్యోగం నుంచి దిగిపోయే రోజున, ఆయన దాచుకున్న ఆ నాణేనికి ఒక చీటీ రాయించి, అద్దం కట్టించి ఇద్దామని ఆవిడ ఆశ. మావయ్యకు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు, కుర్చీ ఎక్కి ఆరు నెలలు. అందమైన అమ్మాయి ఎదురుగా నిలబడేసరికి భూతద్దాన్ని స్టైలుగా తిప్పి, ఒక్క చూపు చూసి, 'అరిగినది' అని రాసి సంతకం పెట్టాడు.

"మా నాన్న అది బజారు మొహమే చూడలేదన్నారే!" అంది అత్తయ్య.

"నాణెం అబద్ధం చెప్పదండీ. మనుషులు చెప్తారు" అన్నాడు మా మావయ్య, మేధావి.

అత్తయ్య నాణేన్నీ చీటీనీ లాక్కుని వెళ్ళిపోయింది. మర్నాడు దెబ్బలాటకు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. పదిరోజులు దెబ్బలాడుకున్నాక, జీవితమంతా ఇలాగే దెబ్బలాడుకోవచ్చని ఇద్దరికీ తోచింది. పెళ్ళయింది. ఇంట్లో ఎవరు కలిసినా ఈ కథ చెప్పుకుని పడీ పడీ నవ్వుతాం. నేను పెద్దయ్యాక గమనించింది ఏమిటంటే, అత్తయ్య నవ్వు అందరికంటే ముందు ఆగిపోతుంది. వాళ్ళ నాన్న ఆ చీటీ చూసి, నాణేన్ని కూతురి చేతిలోనే పెట్టి "నువ్వే ఉంచుకో తల్లీ" అన్నారట. తర్వాత పద్దెనిమిదేళ్ళు బతికారు, అల్లుడితో బోలెడు కబుర్లు చెప్పారు, నాణెం ఊసు మాత్రం ఎత్తలేదు. నేనూ దాన్ని ఎప్పుడూ చూడలేదు.

సోమవారం పొద్దున్న అంగడి ముందు తలుపు సగం వేశాం. తీర్పరిగా పక్క కొట్టులో గడియారాలు బాగుచేసే ఆయన వచ్చాడు. ఎవరేమడిగినా "ఒక్క నిమిషం" అంటాడు కనుక వీధంతా ఆయన్ని నిమిషంగారు అంటుంది. నాణేలు ఎంచే పని అత్తయ్యకు అప్పగించాడు మావయ్య. తాను ఎంచితే మేనకోడలి మీద ప్రేమతో తేలికవి పెట్టాడని రేపు నలుగురూ అంటారట. అత్తయ్య పళ్ళెంలో పది నాణేలు వరసగా పేర్చి, వాటి చీటీలున్న కవర్లు ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. కొత్త చీర కట్టుకుంది. పరీక్ష నాది, ముస్తాబు ఈవిడదా అనుకున్నాను.

మావయ్య తన కుర్చీలోనే ఉంటాడు, నేను ఆ కిటికీ దగ్గరే నిలబడి ఒక్కో నాణెం చూసి కాగితం మీద రాయాలి. వెంటనే అత్తయ్య దాని కవరు నిమిషంగారికి ఇవ్వాలి. ఆయన పాత చీటీ చదవాలి. మొదటి అయిదూ ఇట్టే కలిశాయి. నేను కాస్త ఉబ్బిపోయాను, దాచడమెందుకు. ఆరోదాన్ని చూసీ చూడకుండా 'కొత్తలాంటిది' అని రాసేశాను.

"ఒక్క నిమిషం" అని నిమిషంగారు కళ్ళజోడు సర్దుకుని, "మంచిది" అని చదివాడు.

మళ్ళీ పట్టుకుని చూస్తే చెవి పైన జుట్టు దగ్గర వెలుగు తెగుతోంది. తప్పు నాదే, తొందర నాది. మావయ్య వేలు ఒకటి చూపించాడంతే. ఆ తర్వాత ఏడు, ఎనిమిది, తొమ్మిది నాణేలకు ఒళ్ళు దగ్గర పెట్టుకున్నాను. మూడూ కలిశాయి.

పదోది చేతిలోకి తీసుకున్నాను. రాజుగారి బొమ్మ. బుగ్గ చదునుగా ఉంది, చెవి పైన జుట్టు పాయలు లేవు, కనుబొమ్మ ఉందా లేదా అన్నట్టుంది. నూటికి తొంభైతొమ్మిది మంది 'అరిగినది' అని రాసేసి ఇంటికి వెళ్ళిపోతారు. నేనూ పెన్ను తీశాను. అలవాటు కొద్దీ నాణేన్ని కిటికీ వైపు వంచాను.

వెలుగు తిరిగింది. బుగ్గ మీదుగా, జుట్టు మీదుగా, ఎక్కడా తెగకుండా గిర్రున తిరిగింది.

మళ్ళీ వంచాను, మళ్ళీ తిరిగింది. అరిగిన బుగ్గ మీద ఆ మెరుపు ఉండదు, ఉండే అవకాశమే లేదు. అంచు మీది గీతలు వేలికి గుచ్చుకుంటున్నాయి. వెనక్కి తిప్పితే, చుట్టూ ఉన్న ఆకులన్నీ ఈనెలతో సహా తేటగా ఉన్నాయి. సరిగ్గా రాజుగారి బుగ్గకు వెనకపడే చోట రెండు ఆకులు మాత్రం సగం సగమే ఉన్నాయి. అంటే బొమ్మ అరిగిపోలేదు, మొదట్లోనే పూర్తిగా పడలేదు. మిషను గట్టిగా నొక్కకపోతే రెండు వైపులా ఒకే చోట వెండి అచ్చులోకి నిండదు.

మరి పాత చీటీలో ఏముంది? మావయ్య ఇదంతా చూసి ఉంటే 'కొత్తది' అని ఉంటుంది. చూడకపోతే 'అరిగినది' అని ఉంటుంది. మావయ్య ఆపరేషను నా పెన్ను మొన మీద ఊగుతోంది. గోడ మీద పిల్లిలా మధ్యలో 'నలిగినది' అని రాద్దామా అన్న పాడుబుద్ధి కూడా పుట్టింది. అది ఎటు తిరిగినా తప్పే అవుతుందని తోచి నా మీద నాకే నవ్వొచ్చింది. కనిపించింది రాయడానికే కదా ఆ కుర్చీ. 'కొత్తది' అని రాసి కాగితం బోర్లించాను.

అత్తయ్య ఇచ్చిన కవరు పసుపు రంగుకు తిరిగి ఉంది. నిమిషంగారు చీటీ తీసి, ఈసారి ఒక్క నిమిషం కూడా అడగకుండా నా మొహంకేసి జాలిగా చూసి, "అరిగినది" అని చదివాడు.

"రెండు" అన్నాడు మావయ్య మెల్లగా. "పోనీలేవే. వచ్చే ఏడు చూద్దాం."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "వచ్చే ఏడు ఏమిటి మావయ్యా! తప్పు నాది కాదు, చీటీది."

"చీటీ మీద సంతకం ఎవరిదే?"

"ఎవరిదైతే ఏం? నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటే నేను నాలుగో కాలు విరిచి చూపించాలా? ఇదిగో, నువ్వే చూడు."

నాణెం ఆయన వేళ్ళ మధ్య పెట్టాను. మావయ్య కిటికీ వైపు తిరిగాడు. వంచాడు, ఇంకాస్త వంచాడు, మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. వేళ్ళ తీరు మాత్రం చెక్కు చెదరలేదు, చక్కగా అంచులే పట్టుకున్నాడు. చాలాసేపటికి చెయ్యి దించాడు.

"నాకు ఏమీ కనబడటం లేదే" అన్నాడు. ఆ మాట ఆయన నోటివెంట వినడం అదే మొదటిసారి. "నీకేం కనిపిస్తోందో చెప్పు. ఊహించి చెప్పకు, చూసి చెప్పు."

చెప్పాను. వెలుగు ఎక్కడ మొదలై ఎటు తిరుగుతోందో, బుగ్గ మీద ఎలా ఆగకుండా పోతోందో, వెనక ఏ రెండు ఆకులు సగమున్నాయో అన్నీ చెప్పాను. మావయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. మధ్యలో "ఆ ఆకులు పైనా, కిందా?" అని అడిగాడు. "అంచు?" అని అడిగాడు. అంతా అయ్యాక అత్తయ్య వైపు తిరిగాడు.

"ఇది ఏ సొరుగులోది?"

"సొరుగులోది కాదు" అంది అత్తయ్య. "నా కుట్టుపెట్టెలోది."

మావయ్య బల్ల అంచు పట్టుకున్నాడు. నిమిషంగారి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. నాకైతే ఆ కొత్త చీర ఎందుకో అప్పుడు అర్థమైంది.

"పొద్దున్నే మిషను వేడెక్కకముందు పడిన మొదటి బిళ్ళ అది" అంది అత్తయ్య. "సరిగా పడలేదని పక్కన పడేస్తుంటే, దాని ఖరీదు కట్టి నాన్న ఇంటికి తెచ్చుకున్నారు. 'నాలాగే ఇదీ పూర్తిగా నిద్రలేవలేదు' అని నవ్వేవారు. ఆ రోజు మీకు ఇదంతా చెప్పాను."

"చెప్పావు" అన్నాడు మావయ్య. "కథ అనుకున్నాను." "ఆ రోజు తూచానా?" అని అడిగాడు.

"లేదు. 'కంటికి కనిపించేదాన్ని తూచడమెందుకు' అన్నారు. పైగా నాణేన్ని చూస్తూ కాదు, నన్ను చూస్తూ అన్నారు."

మావయ్య నన్ను ఇత్తడి తక్కెడ తెమ్మన్నాడు. అలాంటిదే, 'కొత్తది' అని చీటీ ఉన్న మరో నాణేన్ని ఒక పళ్ళెంలో పెట్టమన్నాడు. అరిగిన నాణెమైతే వెండి పోయినంత బరువూ పోతుంది, తేలిపోతుంది. రెండో పళ్ళెంలో అత్తయ్య నాణేన్ని మావయ్యే తడిమి పెట్టాడు. తక్కెడ కాసేపు అటూ ఇటూ ఊగింది.

"ఒక్క నిమిషం" అని నిమిషంగారు ముల్లు మీదికి వంగాడు. గడియారాల ముళ్ళు చూసి చూసి పండిపోయిన కన్ను అది. "నిట్టనిలువుగా ఉందండీ. వెంట్రుకవాసి తేడా లేదు."

మావయ్య ఆ మాట కూడా నమ్మకుండా రెండు పళ్ళేల కిందా చెరో వేలూ పెట్టి చూసుకున్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మావగారు నాకు దాన్ని మళ్ళీ చూపించలేదు" అన్నాడు. "నేనూ అడగలేదు. ఆయన అబద్ధం చెప్పలేదోయ్."

"చెప్పలేదు" అంది అత్తయ్య.

ఆవిడ కళ్ళు నిండిపోయాయి. నిండిన కళ్ళతోనే పకపకా నవ్వేసింది. నలభై ఒక్క ఏళ్ళ కథలో ఆవిడ నవ్వు మాకంటే ముందు ఆగకుండా సాగడం అప్పుడే చూశాను. మావయ్య చెయ్యి చాచి గాలిలో వెతికితే ఆ చేతిని పట్టుకుంది. నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. కుర్చీ దొరికిందో లేదో కూడా మర్చిపోయాను.

గుర్తొచ్చాక మళ్ళీ కోపం వచ్చింది. "అత్తయ్యా! ఈయన కళ్ళు పందెంలో పెట్టి ఆడావా? నేను 'అరిగినది' అని రాసుంటే?"

"రాసుంటే చీటీతో కలిసేది, పరీక్ష నెగ్గేదానివి, ఈయన ఆసుపత్రికి వెళ్ళేవారు. నేను నాణెం పట్టుకెళ్ళి మళ్ళీ పెట్టెలో పెట్టేసుకునేదాన్ని."

"కొత్తదని రాశాక ఈయన ఒప్పుకోకపోతే?"

"అప్పుడు గురువారం నేనే మోసుకెళ్ళేదాన్ని. ఎంత బరువుంటారు, అరిగిపోయిన మనిషి!" అంది. మళ్ళీ కొంచెం గొంతు తగ్గించి, "ఆయన్నే చూడమంటే తన చీటీనే తాను చదువుతారు. నాకు వేరే కన్ను కావలసి వచ్చిందే" అంది.

మావయ్య కుర్చీలోంచి లేచి, దాని వీపు మీద చెయ్యి వేసి నాకేసి చూశాడు. కూర్చున్నాను. నలభై ఏళ్ళు ఒకే మనిషి కూర్చున్న కుర్చీ, ఒక పక్కకు ఒరిగి ఉంది. అత్తయ్య లేచి చీర సర్దుకుని, బల్లకు అవతల కొనుగోలుదారుల స్టూలు మీద దర్జాగా కూర్చుంది.

"ఏమండీ, మా నాన్నగారి నాణేనికి చీటీ కావాలి" అంది నాతో.

చీటీ తీసి 'కొత్తది' అని రాశాను. సంతకం పెట్టబోతుంటే మావయ్య ఆపాడు. "కింద ఇంకో ముక్క రాయి. 'అచ్చు పూర్తిగా పడలేదు' అని."

"అయిదు మాటల్లో ఇమడకపోతే నాణెం కాదన్నావుగా?"

"అప్పుడు నాకు కళ్ళున్నాయిలే, రాయి" అన్నాడు.

రాసి, నా జీవితంలో మొదటి సంతకం పెట్టాను. కాస్త వంకర వచ్చింది. పాత చీటీని మావయ్య చింపబోతే అత్తయ్య పడనివ్వలేదు. రెండూ ఒకే అద్దంలో కట్టించాలట. నిమిషంగారు ఎప్పుడు వెళ్ళాడో చూడలేదు కానీ, మధ్యాహ్నానికల్లా వీధిలో ప్రతి కొట్టువాడూ వచ్చి "అయ్యవారు తప్పు చీటీ రాశారట కదా" అని మావయ్యకు శుభాకాంక్షలు చెప్పి వెళ్ళాడు. నిమిషంగారి నోట్లో నువ్వుగింజ నానదు. మావయ్య ప్రతివాడికీ మొదటినుంచీ కథ చెప్పాడు, కొత్త ముగింపుతో సహా.

గురువారం మావయ్య ఆసుపత్రికి కిక్కురుమనకుండా వెళ్ళాడు. మొదటి కంటికి కట్టు విప్పిన రోజు ఇంటికి వెళ్దామంటే వినలేదు, నేరుగా అంగడికి తీసుకురమ్మన్నాడు. నేను కుర్చీలోంచి లేవబోతే వద్దని, కిటికీ దగ్గర నిలబడే చెయ్యి చాచాడు. ఏం కావాలో నేను వేరే అడగక్కర్లేకపోయింది. అద్దం వెనక రేకు తీసి నాణెం ఇచ్చాను.

వంచాడు. ఆయన మొహంలోకి ఆ వెలుగు వచ్చినట్టే అనిపించింది నాకు. "తిరుగుతోంది" అన్నాడు. "బుగ్గ మీద కూడా తిరుగుతోందే." పదిసార్లయినా అలా వంచి ఉంటాడు. ఆ తర్వాత "మావగారూ, తప్పు నాదే" అని నాణేనికే చెప్పుకుని, జాగ్రత్తగా నా చేతిలో పెట్టాడు.

అప్పుడు అత్తయ్య వైపు తిరిగాడు. ఏడాదిగా సరిగ్గా చూడని మొహం. కిటికీ వెలుతురులో ఆవిడ గడ్డం పట్టుకుని, మెల్లగా ఒక పక్కకు వంచి, నుదురూ బుగ్గా చెవి పైన జుట్టూ అన్నీ శ్రద్ధగా చూశాడు. ఏదో అనడానికి నోరు తెరిచాడు.

"ఆగండి" అంది అత్తయ్య. "చీటీ రాసేది ఇప్పుడు మీరు కాదు."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను పెన్ను తీశాను.